చెవి నొప్పితో నిద్ర లేదు, మాత్రలు సరిపోతాయా, చుక్కలు వేయాలా?

ఈతసరదా:
ఈతకి వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచి కుడి చెవిలో దురదగా ఉండేది. పట్టించుకునేంత కాదు. ఈ వారం అది నొప్పిలోకి దిగింది. ఇప్పుడు చెవి డొప్ప పట్టుకుని కాస్త లాగినా, గట్టిగా నమిలినా ప్రాణం పోతోంది. చెవి దిబ్బడ వేసి ఆ వైపు మాటలు సరిగ్గా వినపడట్లేదు. కొంచెం పసుపు నీరు కూడా కారుతోంది. జలుబు లేదు, జ్వరం లేదు. దగ్గర్లో ఒక డాక్టర్‌కి చూపిస్తే చెవిలోకి లైటు కూడా వేయకుండా యాంటీబయాటిక్ మాత్రలు రాసి పంపేశారు. వాడుతూనే ఉన్నా, రాత్రయితే సలుపు ఆగట్లేదు. ఇలాంటిది ఎవరికైనా వచ్చిందా? మాత్రలతో పోతుందా, లేక చెవిలో మందు వేయాలా? లోపల శుభ్రం చేసుకోవచ్చా?

వానవెల్లువ:
డొప్ప లాగితే నొప్పి అన్నారు కదా, అది బయటి చెవి ఇన్ఫెక్షన్ లాగే ఉంది. నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. దయచేసి దూది పుల్ల మాత్రం లోపల పెట్టకండి.

రాత్రిడ్యూటీ:
నాకు మాత్రలతోనే తగ్గింది. కోర్సు పూర్తిగా వాడండి, మధ్యలో ఆపకండి.

మందులచీటీ:
@రాత్రిడ్యూటీ మీది ఏ చెవి ఇన్ఫెక్షనో ముందు తెలియాలి. కర్ణభేరి వెనక, మధ్య చెవిలో వచ్చిందైతే మాత్రలు పనిచేస్తాయి. ఈయన చెప్పేది చూస్తే కర్ణభేరికి ఇవతల, నాళంలో ఉన్నట్టుంది. దానికి చుక్కల మందే అసలు వైద్యం. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్ళం ఇది రోజూ చూస్తుంటాం. మాత్రలు మింగీ మింగీ చివరికి చుక్కల కోసం వస్తారు.

రాత్రిడ్యూటీ:
అవునా? నాకు జలుబు చేసిన తర్వాత వచ్చింది, జ్వరం కూడా ఉండేది. డొప్ప ముట్టుకుంటే మాత్రం నొప్పి లేదు.

మందులచీటీ:
అయితే మీది మధ్య చెవి అయ్యుంటుంది. రెండింటికీ ‘చెవి పోటు’ అనే పేరే పెడతాం కాబట్టి ఒకరి మందు ఇంకొకరికి చెప్పేస్తాం.

ఈఎన్‌టీ_పీజీ:
ఈఎన్‌టీలో, అంటే చెవి, ముక్కు, గొంతు వైద్యంలో పీజీ చేస్తున్నాను. చెవిని చూడకుండా రోగనిర్ధారణ చేయలేను. ఈ తరహా కేసుల్లో మేం ఏం చేస్తామో మాత్రం చెప్తాను.

పెద్దవాళ్ళలో బయటి చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, కాస్త వంపు తిరిగి. బయటి మూడో వంతు మృదులాస్థి, లోపలి రెండు వంతులు ఎముక. ఆ ఎముక మీద చర్మం చాలా పల్చన, కింద కొవ్వు మెత్త ఉండదు. అందుకే కాస్త వాచినా పక్కకి జరగడానికి చోటు లేక నొప్పి అంత దారుణంగా ఉంటుంది. ‘ఇంత చిన్న చెవికి ఇంత నొప్పా’ అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు, అది తప్పు. ఈ నొప్పి నిజంగా భరించరానిది.

మామూలుగా గుబిలి ఈ చర్మానికి కాపలా. దానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, నీటిని అంటనివ్వదు. నీళ్ళలో ఎక్కువసేపు ఉంటే ఆ పూత పోయి చర్మం నానుతుంది. దానికి తోడు పుల్లతోనో గోరుతోనో గీరితే సూక్ష్మజీవులకి తలుపు తీసినట్టే. ఎక్కువ కేసుల్లో కనిపించేవి రెండు బ్యాక్టీరియాలు, సూడోమోనాస్, స్టెఫిలోకాకస్.

ఇప్పుడు మాత్రల సంగతి. సూడోమోనాస్ మీద అమాక్సిసిలిన్ లాంటి మామూలు మాత్రలు అసలు పనిచేయవు. పనిచేసే మందే తీసుకున్నా లెక్క చూడండి. 0.3 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల్లో ఒక మిల్లీలీటరుకి 3 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు మాత్రగా మింగితే రక్తంలో మిల్లీలీటరుకి కొన్ని మైక్రోగ్రాములే చేరతాయి. తేడా వెయ్యి రెట్ల స్థాయిలో ఉంటుంది. అందుకే 2014లో సవరించిన అమెరికా ఈఎన్‌టీ వైద్యుల మార్గదర్శకాలు, చెవి దాటి పాకని మామూలు కేసుల్లో మొదట చుక్కలే వాడమంటాయి, మాత్రలు వద్దంటాయి.

ఈతసరదా:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్ అండీ. ఇంట్లో పాత చుక్కల సీసా ఒకటి ఉంది, వేసేసుకోనా?

ఈఎన్‌టీ_పీజీ:
వద్దు. ముందు ఎవరో ఒకరు లోపలికి చూడాలి. కర్ణభేరికి చిల్లు ఉంటే నియోమైసిన్, జెంటామైసిన్ లాంటి మందులున్న చుక్కలు లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. చిల్లు ఉన్నవాళ్ళకి, కర్ణభేరిలో సన్నని ట్యూబులు వేయించుకున్న పిల్లలకి సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం ఎంచుకుంటాం. ఇంకోటి, మీకు దిబ్బడ వేసిందంటే నాళం వాచి మూసుకుపోతోందని అనుమానం. అప్పుడు చుక్క వేసినా ద్వారం దగ్గరే ఆగిపోతుంది.

ఆకుపచ్చచిలుక:
నేను చెప్పాలనుకున్నదీ అదే. మా అక్కకి డ్రాప్స్ వేసినకొద్దీ బయటికే కారిపోయేవి. స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్తే మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నని సక్షన్‌తో లోపలి చెత్తంతా లాగేశారు. తర్వాత సన్నగా ఏదో వత్తి లాంటిది పెట్టి దాని మీద మందు వేశారు. మర్నాటికే మనిషి మారిపోయింది.

ఈఎన్‌టీ_పీజీ:
@ఆకుపచ్చచిలుక దాన్నే ఇయర్ విక్ అంటాం. నొక్కి పెట్టిన స్పాంజి ముక్క. చుక్కలు పడగానే ఉబ్బి నాళం గోడలకి ఆనుకుని మందుని లోపలిదాకా తీసుకెళ్తుంది. వాపు తగ్గాక తీసేస్తాం, ఒక్కోసారి దానంతట అదే ఊడిపడుతుంది. శుభ్రం చేయడం, విక్ పెట్టడం ఈ రెండూ జరగక చుక్కలు ‘పనిచేయలేదు’ అనుకునేవాళ్ళు చాలామంది. లోపాన్ని మందు మీద తోస్తాం కానీ అది చేరాల్సిన చోటికి చేరనే లేదు.

జోరీగ:
పేరుకి తగ్గ చర్చ దొరికింది నాకు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుసబుసమని లోపలిదంతా శుభ్రమవుతుంది కదా? చాలా చోట్ల చదివాను.

మందులచీటీ:
గట్టిపడిన గుబిలిని మెత్తబరచడానికి వాడేదాన్ని వాచిపోయిన చెవిలో పోయకండి. మంట పుడుతుంది, లోపల తడి మిగులుతుంది. తడే కదా ఈ గొడవకి మూలం.

వానవెల్లువ:
మరి నూనె వెచ్చచేసి వేయడం? మా ఇంట్లో అందరూ అదే చెప్తారు.

ఈఎన్‌టీ_పీజీ:
ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వద్దే వద్దు. చెత్త ఇంకా అంటుకుపోతుంది, మాకు లోపల ఏమీ కనపడదు. చిల్లు ఉంటే మరీ ప్రమాదం. వేడి అంచనా తప్పి చర్మం కాలిన కేసులూ ఉంటాయి. ఉపశమనం కావాలంటే బయటి నుంచి గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టండి. నొప్పికి పారాసెటమాల్ గానీ, కడుపులో పుండు, కిడ్నీ సమస్య లేనివాళ్ళయితే ఐబుప్రోఫెన్ గానీ సరైన మోతాదులో క్రమం తప్పకుండా వేసుకోండి. నొప్పి ముదిరాక వేసుకోవడం కన్నా ముందే వేసుకోవడం మేలు.

నల్లమబ్బు:
ఇక్కడ అందరూ బ్యాక్టీరియా గురించే మాట్లాడుతున్నారు. నాది ఫంగస్. నొప్పి తక్కువ, దురద మాత్రం పిచ్చెక్కించేది. యాంటీబయాటిక్ చుక్కలు వాడుతూ పోయాను, దురద ఇంకా ఎక్కువైంది. చివరికి చూసినావిడ లోపల తడిసిన కాగితం లాంటి పొర, దాని మీద నల్లటి చుక్కలు ఉన్నాయన్నారు. అంతా శుభ్రం చేసి క్లోట్రిమజోల్ చుక్కలు ఇచ్చారు. దురద పోయాక కూడా ఇంకొన్నాళ్ళు వేయమన్నారు, లేకపోతే తిరగబెడుతుందట.

ఈఎన్‌టీ_పీజీ:
@నల్లమబ్బు ఆ నల్ల చుక్కలు ఆస్పర్‌జిల్లస్ నైజర్ గుర్తు. తెల్లగా పెరుగు విరిగినట్టు ఉంటే క్యాండిడా అనుకుంటాం. బయటి చెవి ఇన్ఫెక్షన్లలో పదింట ఒకటి దాకా ఫంగస్‌వే అని లెక్క. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కల్ని వారాల తరబడి వాడితే బ్యాక్టీరియా పోయి ఆ ఖాళీలో ఫంగస్ పెరుగుతుంది. అందుకే చుక్కలు 7 నుంచి 10 రోజులు చాలు, సొంతంగా పొడిగించకూడదు. అలాగే మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటల్లో ఏమాత్రం మెరుగు లేకపోతే మళ్ళీ చూపించుకోవాలి. శాంపిల్ తీసి, ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకి పంపాల్సి రావచ్చు.

చిన్నిఅమ్మ:
మా పాపకి అయిదేళ్ళు. చుక్కలు వేస్తే తల తిరుగుతోందని ఏడుస్తుంది. మందు పడట్లేదంటారా?

మందులచీటీ:
సీసా ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేస్తున్నారా? చల్లని చుక్క లోపల పడితే ఎవరికైనా తల తిరుగుతుంది. వేసే ముందు సీసాని కాసేపు అరచేతుల మధ్య పట్టుకుని ఒంటి వేడికి తీసుకురండి. పాపని పక్కకి పడుకోబెట్టి, డొప్పని మెల్లగా పైకి, వెనక్కి లాగి చుక్కలు వేయండి. మరీ పసివాళ్ళకైతే కిందికి, వెనక్కి లాగాలి. తర్వాత చెవి ముందున్న చిన్న బుడిపెని నాలుగైదు సార్లు మెల్లగా నొక్కితే గాలి బయటికొచ్చి మందు లోపలికి దిగుతుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు అలాగే పడుకోవాలి. వేసిన వెంటనే దూది కుక్కకండి, మందంతా దూదే తాగేస్తుంది.

చిన్నిఅమ్మ:
అవును, ఫ్రిజ్‌లోదే. ఈ పూట చేతుల్లో వెచ్చబెట్టి వేస్తాను. కథ చెప్తూ ఉంటే ఆ అయిదు నిమిషాలు పడుకుంటుంది.

మౌనరాగాలు:
హియరింగ్ ఎయిడ్ పెట్టుకునేవాళ్ళ గురించి ఎవరూ అనలేదు. నాకు తరచూ వస్తుంది. మందు వాడినన్నాళ్ళు ఆ చెవికి మెషిన్ పెట్టొద్దంటారు. పెట్టకపోతే నాకు పనే జరగదు. ఎదుటివాళ్ళు విసుక్కుంటారు. ‘కొన్నాళ్ళు తీసేయండి’ అని తేలిగ్గా చెప్పే ముందు, అది లేకపోతే రోజు ఎలా గడుస్తుందో కూడా డాక్టర్లు అడిగితే బావుంటుంది.

ఈఎన్‌టీ_పీజీ:
మీరన్నది న్యాయం. మేం అడగాల్సిన ప్రశ్నే అది. వీలైతే రెండో చెవికి మాత్రం పెట్టుకోండి. చెవిలో పెట్టే మౌల్డ్‌ని మెషిన్ నుంచి విడదీసి రోజూ శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే పెట్టుకోవాలి. రాత్రి తీసేసి చెవికి గాలి తగలనివ్వండి. ఇలా పదేపదే వస్తుంటే మౌల్డ్ పదార్థమే మీ చర్మానికి పడట్లేదేమో, చర్మానికి ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉందేమో చూపించుకోండి. గాలి ఆడే రంధ్రం ఉన్న మౌల్డ్ మార్పించుకుంటే కొందరికి బాగా తేడా కనిపిస్తుంది.

పొడిచర్మం:
ఎగ్జిమా అన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నా. నియోమైసిన్ ఉన్న చుక్కలు వేశాక నా చెవి డొప్పదాకా ఎర్రగా కమిలి రసి కారింది. ఇన్ఫెక్షన్ పెరిగిందని అదే మందు ఇంకా ఎక్కువ వేయమన్నారు. చర్మం డాక్టర్ చూసి అది మందుకి అలర్జీ అని తేల్చారు. ఆపితే తగ్గింది. చుక్కలు వేశాక నొప్పి కన్నా దురద, ఎర్రదనం పెరుగుతుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మందులచీటీ:
చాలా ముఖ్యమైన మాట. నియోమైసిన్‌కి ఇలాంటి అలర్జీ బాగా తెలిసిన విషయమే.

ముంగిట్లోముగ్గు:
మా నాన్నకి షుగర్ ఉంది, వయసు డెబ్బై దాటింది. చెవి నొప్పి అంటే అందరం మామూలుగానే తీసుకున్నాం. చుక్కలు మారుస్తూ వచ్చారు. నొప్పి రాత్రుళ్ళు తలలోకి, దవడలోకి పాకేది. ఒకరోజు అన్నం తింటుంటే నోరు ఒక పక్కకి పోయింది. అప్పుడు గానీ స్కాన్ చేయలేదు. ఇన్ఫెక్షన్ పుర్రె అడుగు ఎముకలోకి వెళ్ళిందన్నారు. వారాల తరబడి గట్టి యాంటీబయాటిక్స్ నడిచాయి. ఇప్పుడు బాగానే ఉన్నారు, నోరు మాత్రం పూర్తిగా సర్దుకోలేదు. షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే దయచేసి ఆలస్యం చేయకండి.

ఈఎన్‌టీ_పీజీ:
ఇది రాసినందుకు కృతజ్ఞతలు. ఈ చర్చలో అందరూ చదవాల్సిన పోస్టు ఇదే. దీన్ని నెక్రోటైజింగ్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అంటాం. 1968లో చాండ్లర్ అనే డాక్టర్ దీనికి, మామూలుగా కాన్సర్‌కి వాడే ‘మాలిగ్నెంట్’ అనే మాట వాడారు, ఇప్పటికీ కొన్ని రిపోర్టుల్లో అలాగే రాస్తారు. అది కాన్సర్ కాదు, కంగారు పడకండి. కానీ ప్రాణాంతకం కాగలదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు దీని బారిన పడతారు. కారణం ఎక్కువగా సూడోమోనాసే. నిద్ర పట్టనివ్వని లోతైన నొప్పి, ఆగని చీము, నాళం అడుగున ఎర్రటి కండ పెరగడం, ముఖం పక్కకి లాగడం దీని గుర్తులు. కనిపించే వాపు కన్నా చెప్పే నొప్పి చాలా ఎక్కువగా ఉంటే మేం మొదట అనుమానించేది దీన్నే. సీటీ, ఎంఆర్ఐ తీసి, మందులు కనీసం 6 వారాలు వాడతాం, షుగర్ కచ్చితంగా అదుపులో పెడతాం. షుగర్ ఉన్నవాళ్ళ చెవిలో గుబిలి తీయడానికి మామూలు నీళ్ళు చిమ్మించడం కూడా మంచిది కాదు, దాని తర్వాత మొదలైన కేసులున్నాయి.

రాత్రిడ్యూటీ:
చదువుతుంటే భయమేసింది. మా అమ్మకి షుగర్ ఉంది, ఎప్పుడూ పిన్నుతో చెవి గోక్కుంటుంది. ఈ పోస్టు చదివి వినిపిస్తాను. నేను చెప్తే వినదు గానీ ఇంకో ఇంట్లో జరిగిందంటే వింటుంది.

ఆకుపచ్చచిలుక:
నోరు పక్కకి పోవడం గురించి ఒక సందేహం. మా ఆఫీసులో ఒకరికి చెవిలో నీటి పొక్కులు వచ్చి ముఖం లాగింది. అదీ ఇదేనా?

ఈఎన్‌టీ_పీజీ:
కాదు, అది హెర్పిస్ జోస్టర్ వైరస్ వల్ల వచ్చే రామ్సే హంట్ అనే జబ్బు. దానికి వైరస్ మందులు, స్టెరాయిడ్లు వీలైనంత త్వరగా, కుదిరితే 72 గంటల లోపే మొదలుపెట్టాలి. పొక్కులు కనిపిస్తే ఆ రోజే పరుగెత్తాలి.

ఈతసరదా:
ఇవాళ స్పెషలిస్ట్‌కి చూపించాను. నాళం బాగా వాచిందట, కర్ణభేరికి చిల్లు లేదట. సక్షన్ చేసి విక్ పెట్టారు. చేస్తున్నంతసేపు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి గానీ బయటికి వచ్చేసరికి బరువు దిగింది. మాత్రలు ఆపేయమన్నారు, సిప్రోఫ్లాక్సాసిన్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు రాశారు. స్టెరాయిడ్ అంటే కొంచెం టెన్షన్‌గా ఉంది.

మందులచీటీ:
కొద్ది రోజులు చెవిలో వేసే ఆ కాస్త స్టెరాయిడ్ ఒంటికి ఎక్కదు. వాపు, నొప్పి త్వరగా దిగడానికే అది.

జోరీగ:
స్నానం ఎలా మరి? విక్ పెట్టుకుని తలస్నానం కుదరదుగా.

వానవెల్లువ:
దూదికి వాజలైన్ రాసి చెవి ద్వారం దగ్గర పెట్టుకుని పోసుకోవచ్చు, అయిపోగానే తీసేయాలి. నాకు అలాగే చెప్పారు. అది తీశాక హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో దూరం నుంచి పట్టేదాన్ని.

పొడిచర్మం:
హెయిర్ డ్రయ్యర్ అంటే నాకు నమ్మకం లేదు. చర్మం ఇంకా ఎండి పగులుతుంది.

ఈఎన్‌టీ_పీజీ:
మీ చర్మతత్వానికి అది నిజమే కావచ్చు. మిగతావాళ్ళకి చేతి పొడవు దూరంలో, అతి తక్కువ వేడిలో కాసేపు అయితే ఇబ్బంది లేదు. తువ్వాలు కొస మెలిపెట్టి లోపలికి తోయడం కన్నా చాలా నయం. తల వంచి నీళ్ళు కారనివ్వడం అన్నిటికన్నా సులువు.

ఈతసరదా:
ఈతకి మళ్ళీ ఎప్పుడు వెళ్ళొచ్చు? మానేయమంటారేమోనని అడగడానికే భయంగా ఉంది.

ఈఎన్‌టీ_పీజీ:
మానేయక్కర్లేదు. 7 నుంచి 10 రోజులు నీళ్ళకి దూరంగా ఉండి, మీ డాక్టర్ లోపల చూసి సరే అన్నాక వెళ్ళండి. తిరిగి వెళ్ళాక ఈత అయిన ప్రతిసారీ చెవులు ఆరబెట్టుకోండి. కర్ణభేరికి చిల్లు లేదని తేలింది కాబట్టి, పూర్తిగా తగ్గాక, తెల్ల వెనిగర్, రబ్బింగ్ ఆల్కహాల్ సమపాళ్ళలో కలిపిన చుక్కలు ఈతకి ముందూ తర్వాతా వేసుకోవచ్చు. ఇది రాకుండా కాపాడుకోవడానికే. ఇప్పుడు వేసుకుంటే భగ్గుమంటుంది. చిల్లు ఉన్నవాళ్ళు, ట్యూబులు ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు.

జోరీగ:
ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే సరిపోదా?

ఈఎన్‌టీ_పీజీ:
సరిగ్గా పట్టే మెత్తనివి అయితే కొంత ఉపయోగమే. గట్టివి పదేపదే పెట్టి తీస్తుంటే చర్మం గీరుకుపోయి మళ్ళీ మొదటికొస్తుంది. నాకైతే ఈత టోపీ చెవులదాకా లాక్కోవడం మేలనిపిస్తుంది.

నల్లమబ్బు:
గుబిలి గురించి ఒక మాట. దాన్ని మురికి అనుకుని వారం వారం తీసేసేవాళ్ళు నాకు తెలిసి చాలామంది. చెవి చర్మం లోపలి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ దాన్ని తనే తోసేస్తుందట. అది తెలిశాక మా ఇంట్లో దూది పుల్లల డబ్బా కొనడమే మానేశాం.

మౌనరాగాలు:
హియరింగ్ ఎయిడ్ వాళ్ళకి ఆ తోసుకోవడం సరిగ్గా జరగదు, మౌల్డ్ అడ్డం. మేం మాత్రం అప్పుడప్పుడు డాక్టర్‌తో తీయించుకోవాల్సిందే.

చిన్నిఅమ్మ:
పాపకి వెచ్చబెట్టి వేశాను, ఏడవలేదు. ఇంకొక్కటి, మా మరిది కంటి చుక్కల సీసా తెచ్చి ‘ఇదీ సిప్రోఫ్లాక్సాసినే, ఇది వేసినా ఒకటే’ అంటున్నాడు. నిజమేనా?

మందులచీటీ:
కంటి చుక్కల్ని చెవిలో వేయమని డాక్టర్లు రాయడం ఉంది, అందులో తప్పు లేదు. కానీ మీ డాక్టర్ రాసింది స్టెరాయిడ్ కలిసిన మందైతే రెండూ ఒకటి కావు, అడగకుండా మార్చకండి. చెవి చుక్కల్ని మాత్రం ఎప్పుడూ కంట్లో వేయకూడదు. రెండు సీసాలూ ఒకే చోట పెట్టకండి. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకోండి. వైద్యం పూర్తయ్యాక మిగిలింది ఇంకొకరి చెవి కోసం దాచకుండా పారేయండి.

చిన్నిఅమ్మ:
తేదీ రాసేశాను. కంటిది మరిదికే తిరిగి ఇచ్చేశాను.